నెల తప్పకముందు

1

కడుపుతో ఉన్న స్త్రీ పట్ల మన సమాజానికి శ్రద్ధ లేదని ఎవరూ అనలేరు. నెల తప్పిందన్న మాట బయటపడిన నాటినుంచి ఆమె ఏం తినాలో, ఏం తినకూడదో, ఎలా నడవాలో, ఎటు తిరిగి పడుకోవాలో చెప్పేవారు ఇంటినిండా తయారవుతారు. వేవిళ్ళకు చిట్కాలు, సీమంతానికి గాజులు, తొలికాన్పుకు పుట్టింటి ప్రయాణం, బాలింతకు పథ్యం అన్నీ ఒక పద్ధతి ప్రకారం జరిగిపోతాయి. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం కూడా ఈ పెద్దల సరసన చేరి పేరు నమోదు, తూకం, సూదిమందు, ఇనుము మాత్రలు ఏర్పాటు చేసింది. వీటిలో మంచివీ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి. ఆ తరతమాలు ఇక్కడ ప్రస్తుతం కాదు. గమనించవలసిందేమంటే, ఇవన్నీ ఒకే ముహూర్తాన మొదలవుతాయి. ఆమె గర్భవతి అయిందని పదిమందికీ తెలిసిన ముహూర్తమది. అంతకు ముందురోజు వరకు ఆ శరీరం ఏం తిన్నది, ఎంత చాకిరీ చేసింది, ఎన్నో ఏట అత్తవారింటి గడప తొక్కింది అని అడిగేవారు లేరు.

తల్లి కాబోయే శరీరం గర్భధారణకు ముందే సిద్ధపడి ఉండాలన్నది కొత్త సంగతి కాదు. కొత్తదల్లా దానికి దొరికిన శాస్త్రీయమైన రుజువు. ఆ రుజువుకు మొదటి కొస బొంబాయి నూలు మిల్లుల పేద స్త్రీల నెత్తుటిలో దొరికింది. అది ఖండాలు దాటి, ప్రయోగశాలలు దాటి, అరవై ఏళ్ళకు పూర్తి రూపం ధరించింది. అయితే ఆ స్త్రీల మనుమరాళ్ళ దగ్గరకు తిరిగి వచ్చేసరికి అది ఒక మాత్రగానూ, ఒక ఉపదేశంగానూ మిగిలింది. సత్యాన్ని ఇచ్చినవారికి దాని ఫలం ఎందుకు దక్కలేదన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన ప్రశ్న.

2

ముందుగా పాత మాట చెప్పుకుందాం. గర్భానికి ఋతువు, క్షేత్రం, అంబువు, బీజం అనే నాలుగూ కలవాలని సుశ్రుతసంహిత చెప్పింది. ఇది పంట పండించేవాడి ఉపమానం. అదే సంహిత, పదహారేళ్ళు నిండని పిల్ల ఇరవై అయిదేళ్ళు నిండని పురుషుడి వల్ల గర్భం ధరిస్తే పిండం కడుపులోనే నశిస్తుందనీ, పుట్టినా ఎక్కువకాలం బతకదనీ, బతికినా బలహీనంగా ఉంటుందనీ హెచ్చరించింది. మనుస్మృతి మాత్రం ముప్పై ఏళ్ళవాడికి పన్నెండేళ్ళ పిల్లను, ఇరవై నాలుగేళ్ళవాడికి ఎనిమిదేళ్ళ పిల్లను కట్టబెట్టమన్నది. వైద్యుడు ఒకటి చెప్పాడు, స్మృతికర్త మరొకటి చెప్పాడు. దేశం ఎవరి మాట విన్నదో వేరే చెప్పనక్కరలేదు. ఆస్తీ, వంశమూ, కులమూ చెదరకుండా ఉండాలంటే పిల్లకు తన మనసు తనకు తెలియకముందే పెళ్ళి జరిగిపోవాలి. ఆ అవసరం ముందు వైద్యుడి అనుభవం నిలవలేదు.

క్షేత్రమన్న ఉపమానం గురించి కూడా ఒక మాట. రైతు విత్తనం చల్లబోయే ముందు పొలం దున్నుతాడు, గట్టు వేస్తాడు, ఎరువు తోలుతాడు, భూమి అలసిందనుకుంటే ఒక కారు బీడు పెడతాడు. ఆడదాన్ని క్షేత్రమన్న పెద్దలు ఈ ఎరువు మాటా, ఈ బీడు మాటా మరిచిపోయారు. పొలానికి యజమాని ఒకడుంటాడన్న మాటను మాత్రం జ్ఞాపకం పెట్టుకున్నారు.

దాని ఫలితం పంతొమ్మిదో శతాబ్దం చివర న్యాయస్థానానికెక్కింది. ఫూల్‌మణి అనే పదకొండేళ్ళ బెంగాలీ బాలిక భర్త సంపర్కం వల్ల మరణించింది. ఆ కేసు 1890లో కలకత్తాలో విచారణకు వచ్చింది. మరుసటి సంవత్సరం ప్రభుత్వం సమ్మతి వయస్సును పదినుంచి పన్నెండుకు పెంచితే, గర్భాధాన సంస్కారానికి భంగం కలుగుతుందని దేశంలో పెద్ద ఆందోళన లేచింది. తిలక్ వంటి జాతీయ నాయకుడు కూడా ఆ బిల్లును వ్యతిరేకించినవారిలో ఉన్నాడు. పన్నెండేళ్ళ పిల్ల ఎముకలు బిడ్డను మోయగలవా అన్న ప్రశ్న విదేశీ ప్రభుత్వానికి మన ఇళ్ళలో జోక్యం చేసుకునే హక్కు ఉన్నదా అన్న ప్రశ్నకింద అణగిపోయింది. తెలుగుదేశంలో ఈ దుర్మార్గం అమ్మకం రూపం కూడా ధరించింది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాలను విజయనగరం మహారాజు లెక్క వేయిస్తే వెయ్యిన్నీ ముప్పై నాలుగు తేలాయని గురజాడ తన నాటకం తొలి ముద్రణ పీఠికలో రాశాడు. ఆ జాబితాలో ఏడాది పిల్లలు కూడా ఉన్నారు. ‘కన్యాశుల్కం’ చూసి మనం నవ్వుతాం. ఆ పెళ్ళికూతుళ్ళలో ఎందరు తొలికాన్పు దాటి బతికారన్నది ఏ నాటకంలోనూ లేదు.

1929లో శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళివయస్సును పద్నాలుగు చేసింది. 1978లో అది పద్ధెనిమిది అయింది. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ మధ్య ఉన్న స్త్రీలలో పద్ధెనిమిది నిండకుండానే పెళ్ళి అయినవారు దేశంలో నూటికి 23 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 29 మంది అని చెప్పింది. చట్టం వయస్సు పెంచగలిగింది కాని, పిల్లను త్వరగా పంపించెయ్యాలన్న ఆర్థిక కారణాన్ని తొలగించలేకపోయింది.

ప్రజలకు ఈ విషయంలో జ్ఞానమే లేదని కాదు. పిల్ల పెద్దమనిషి అయినప్పుడు నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి పెట్టడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నది. రక్తం పోయే వయస్సు వచ్చింది, బలం కావాలి అన్న గ్రహింపు అందులో ఉన్నది. అయితే ఆ గ్రహింపు పదిరోజుల ముచ్చటే. పదకొండోరోజునుంచి ఆ పిల్ల మళ్ళీ అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినేదే. అత్తవారింట్లో ఆ వరస మరింత స్థిరపడుతుంది.

3

ఇక బొంబాయికి వెళదాం. ఆ మిల్లులు మనకు పరాయివి కావు. నైజాం తెలంగాణ మగ్గాలు మూలపడ్డాక వలసపోయిన పద్మశాలీలు అక్కడి నూలు మిల్లుల్లో చేరారు. ఇళ్ళు కట్టే పనులకు పోయిన కామాఠీల పేరుమీదే అక్కడ కామాఠీపుర అనే పేట వెలిసింది. 1920ల్లో ఆ మిల్లుల కార్మికుల్లో దాదాపు అయిదోవంతు స్త్రీలు. దారం చుట్టే ఖాతాల్లో నిండు గర్భిణులు నిలబడి పనిచేసేవారు. కాన్పు అయ్యాక మళ్ళీ చేరి, ఇంటిదగ్గర వదిలిన పసిబిడ్డ ఏడవకుండా నల్లమందు పెట్టేవారు.

1928 ఏప్రిల్‌లో ఆ కార్మికులు సమ్మె కట్టారు. సుమారు లక్షన్నర మంది ఆరునెలలపాటు నిలబడ్డారు. గిర్నీ కామ్‌గార్ యూనియన్ ఆ పోరాటంలోనే పుట్టింది. అదే ఏడాది బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సౌకర్యాల బిల్లు చర్చకు వస్తే అంబేద్కర్ దాన్ని సమర్థించాడు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం జాతి ప్రయోజనమని వాదించాడు. 1929లో అది చట్టమైంది.

సరిగ్గా ఆ 1928లోనే లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చింది. 1888లో బర్మింగ్‌హామ్ దగ్గర పుట్టి, కేంబ్రిడ్జిలో వృక్షశాస్త్రమూ భూగర్భశాస్త్రమూ చదివి, తర్వాత లండన్‌లో వైద్యం నేర్చిన మనిషి. గర్భిణులు ఎందుకు చనిపోతున్నారో పరిశోధించే ప్రణాళిక ఒకటి హాఫ్‌కిన్ సంస్థలో నడుస్తుండగా అందులో చేరింది. ఆమె ముందున్న సమస్య ఒక రకం రక్తక్షీణత. ఎర్రకణాలు తగ్గిపోవడమే కాక, ఉన్నవి అసహజంగా పెద్దవవుతాయి. మొహం పాలిపోతుంది, కాళ్ళు వాస్తాయి, నెలలు నిండేసరికి గుండె అలసి ప్రాణం పోతుంది. ఇనుము ఇచ్చినా ఫలితం ఉండదు.

విల్స్ మొదట సూక్ష్మక్రిముల కోసం వెతికింది, దొరకలేదు. ఎవరికి వస్తున్నదో చూస్తే పేదలకు వస్తున్నది. పప్పుదినుసులు, పాలు, కూరలు, పండ్లు దాదాపు లేని తిండి తినేవారికి వస్తున్నది. మెహతా, తల్పదే వంటి భారతీయ సహచరులతో కలిసి రోగుల ఆహారాన్ని లెక్కకట్టింది. కూనూరు పాశ్చర్ సంస్థలో ఎలుకలకు ఆ తిండే పెట్టి చూసింది. మద్రాసు గోషా ఆసుపత్రిలో రోగులను పరిశీలించింది. తర్వాత కోతులకూ ఆ తిండి పెడితే వాటికీ రక్తం క్షీణించింది. అప్పుడు మార్మైట్ ప్రయత్నించింది. బీరు బట్టీల్లో మిగిలిపోయే ఈస్టు మడ్డితో చేసి, ఇంగ్లండులో రొట్టెకు పూసుకుని తినే చవకైన నల్లటి గుజ్జు అది. జంతువులు కోలుకున్నాయి. రోగులకు ఇస్తే వారూ కోలుకున్నారు. ఈ ఫలితాన్ని విల్స్ 1931లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించింది. ఈస్టులో ఉన్న ఆ తెలియని పదార్థానికి ‘విల్స్ అంశం’ అని పేరు వచ్చింది.

వైద్యశాస్త్రానికి ఇది గొప్ప విజయం. ఆమె చిత్తశుద్ధినీ, శ్రమనూ ఎవరూ తక్కువ చెయ్యలేరు. కాని వైద్యపత్రికలో రాయదగ్గది అక్కడితో ఆగిపోతుంది. ఆ కంచంలో పప్పూ కూరా ఎందుకు లేవన్న ప్రశ్నకు జవాబు ఎలుకల బోనులో దొరకదు. అది కూలి చీటీలో, వడ్డీ వ్యాపారి పద్దులో, పదిమంది ఒకే గదిలో ఉండే చాల్‌లో ఉన్నది. వీధుల్లో సమ్మె కట్టిన జనం అడిగిందీ, ప్రయోగశాలలో తేలిందీ ఒకటే విషయం. అయితే ఆ రెంటినీ కలిపి చదివిన ప్రభుత్వం ఆనాడు లేదు.

4

విల్స్ అంశం ఏమిటన్నది మరో పదేళ్ళకు తెలిసింది. 1941లో అమెరికాలోని టెక్సాస్‌లో శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుంచి ఒక పదార్థాన్ని అతి స్వల్పంగా రాబట్టారు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. ఆకునుంచి వచ్చింది గనుక దానికి ఫోలిక్ ఆమ్లం అన్నారు. మన తోటకూరలో, మునగాకులో ఉన్నదే ఇది. అయినా టన్నుల ఆకుకూరనుంచి చిటికెడు తీస్తే మందు కాదు. దాని నిర్మాణం తెలుసుకుని కృత్రిమంగా తయారుచెయ్యాలి. ఆ పని 1945–46 ప్రాంతాల్లో న్యూయార్క్ దగ్గరి లెడర్లీ ప్రయోగశాలల్లో జరిగింది. ఆ పరిశోధనలకు సారథి ఎల్లాప్రగడ సుబ్బారావు.

1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు కథ తెలుగు పాఠకులకు పూర్తిగా కొత్తది కాదు. విద్యార్థి దశలోనే అతని సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే పేగుల జబ్బుతో మరణించారు. తిన్నది ఒంటబట్టక, నెత్తురు క్షీణించి మనిషి శుష్కించిపోయే రోగం అది. సుబ్బారావుకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడుక్కుని శస్త్రచికిత్స తరగతికి వెళ్ళినందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురై, పూర్తి పట్టం అందక ఎల్.ఎం.ఎస్.తో బయటికి వచ్చాడు. 1923లో అమెరికా చేరి, హార్వర్డ్‌లో పదిహేనేళ్ళకు పైగా పనిచేసినా అక్కడ స్థిరమైన స్థానం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరాడు. 1948లో చనిపోయాడు.

సోదరులను మింగిన స్ప్రూకు అతని బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లమే మందుగా పనిచేసింది. బొంబాయి మిల్లు స్త్రీకి వచ్చిన రక్తక్షీణతకూ, భీమవరం యువకుణ్ణి పట్టుకున్న జబ్బులోని రక్తక్షీణతకూ మూలం ఒకటే లోపం. ఒకరికి కంచంలో లేక వచ్చింది, మరొకరికి పేగు పీల్చుకోలేక వచ్చింది.

ఇక్కడ చరిత్రలో ఒక విచిత్రమైన మలుపు ఉన్నది. సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డగించే పదార్థాలను కూడా తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్ అనేదాన్ని 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త కాన్సర్‌కు వాడి తాత్కాలికంగానైనా ఫలితం చూపాడు. 1952లో అదే మందును గర్భస్రావం కోసం వాడినప్పుడు స్రావం కాకుండా మిగిలిన పిండాలలో ఘోరమైన అవయవ లోపాలు కనిపించాయి. ఆకునుంచి వచ్చిన ఆ పదార్థం తల్లి నెత్తురుకే కాదు, పిండం రూపు కట్టడానికే ఆధారమని అర్థమయింది. అంటే ప్రశ్న ఒక అడుగు వెనక్కి జరిగింది. తొమ్మిదో నెల తల్లి మరణం దగ్గర మొదలైన పరిశోధన మొదటినెల పిండం దగ్గరకు చేరింది.

5

మొదటినెలలో ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. పిండం వీపున ఒక పలక వంటి పొర ముడుచుకుని గొట్టంలా మూసుకుంటుంది. మెదడూ వెన్నుపామూ దానినుంచే ఏర్పడతాయి. గర్భం నిలిచిన ఇరవై ఎనిమిదోరోజుకల్లా ఆ గొట్టం మూసుకోవాలి. పైన మూసుకోకపోతే బిడ్డకు కపాలం ఉండదు, బతకదు. కింద మూసుకోకపోతే వెన్ను చీలి, కాళ్ళు చచ్చుబడవచ్చు. ఇరవై ఎనిమిదోరోజంటే, ఇంకా నెల తప్పి రెండువారాలు. చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమన్న అనుమానమైనా రాని కాలం. డాక్టరు దగ్గరకు వెళ్ళేసరికి జరగవలసింది జరిగిపోయి ఉంటుంది.

1965లో లివర్‌పూల్‌లో హిబ్బర్డ్, స్మితెల్స్ అనే వైద్యులు ఇటువంటి బిడ్డలను కన్న తల్లులలో ఫోలిక్ ఆమ్లం వినియోగంలో లోపం కనిపిస్తున్నదని రాశారు. బ్రిటన్‌లో ఈ వైకల్యాలు పేద తరగతులలో ఎక్కువ. ఈ సంగతి చాలాకాలంనుంచి లెక్కలలో ఉన్నదే. యుద్ధకాలపు కరువులు ఇదే దిశగా వేలు చూపాయి. 1944–45 చలికాలంలో జర్మన్ సైన్యం దిగ్బంధంలో హాలండ్ పశ్చిమ పట్టణాలు మలమల మాడాయి. ఆ కరువులో పుట్టిన బిడ్డలు తక్కువ బరువుతో పుట్టారు. కరువులో గర్భాన పడిన బిడ్డలలో మెదడు, వెన్ను లోపాలు పెరిగాయి. దీన్ని 1975లో గ్రంథస్థం చేసిన జెనా స్టైన్, మెర్విన్ సస్సర్ దంపతులు దక్షిణాఫ్రికా వర్ణవివక్షను ఎదిరించి దేశం విడిచిపోయిన వైద్యులు. ముట్టడిలో చిక్కిన లెనిన్‌గ్రాడ్‌లోనైతే 1942లో చాలామంది స్త్రీలకు నెలసరే ఆగిపోయింది. ఆకలిగొన్న శరీరం తల్లి కావడానికే నిరాకరించింది.

అయినా అనుమానం వేరు, రుజువు వేరు. 1984లో హంగరీలో ఆండ్రూ జైజెల్ గర్భధారణకు ముందే దంపతులను పరీక్షించి సలహా ఇచ్చే కార్యక్రమం మొదలుపెట్టాడు. బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి ఏడు దేశాల్లోని ముప్పై మూడు కేంద్రాల్లో, అంతకుముందు ఇటువంటి బిడ్డను కన్న 1817 మంది తల్లులతో పరీక్ష జరిపింది. గర్భం రాకముందునుంచి రోజూ ఫోలిక్ ఆమ్లం పుచ్చుకున్న వర్గంలో లోపమున్న గర్భాలు 6, పుచ్చుకోని వర్గంలో 21. నూటికి 72 పాళ్ళ రక్షణ ఉన్నదని తేలడంతో పరీక్షను మధ్యలోనే ఆపి, 1991లో ఫలితం ప్రకటించారు. మరుసటి ఏడు జైజెల్ హంగరీ ఫలితం దాన్ని బలపరిచింది. 1999లో వెల్లడైన చైనా అధ్యయనం రెండులక్షల నలభైవేలకు పైగా స్త్రీలను పరిశీలించి, ఉత్తర ప్రాంతంలో దాదాపు అయిదింట నాలుగువంతుల లోపాలు నివారణ అయినట్లు చూపింది.

ఈ విధంగా నెల తప్పకముందే శరీరం సిద్ధపడాలన్న మాట ఊహనుంచి శాస్త్రమైంది.

6

సత్యం తేలిన తర్వాత దాన్ని ఏం చెయ్యాలి? ప్రభుత్వాల ముందు రెండు దారులున్నాయి. మాత్రలు మింగమని స్త్రీలకు చెప్పడం ఒకటి. అందరూ తినే తిండిలో కలపడం రెండోది. మొదటిది చదువుకున్నదానికీ, డబ్బున్నదానికీ, గర్భం ఎప్పుడు కావాలో తాను నిర్ణయించుకోగలిగినదానికీ ఉపయోగపడుతుంది. రెండోది అడగకుండా అందరికీ చేరుతుంది. అమెరికా 1998నుంచి గోధుమపిండిలో ఫోలిక్ ఆమ్లం కలపడం తప్పనిసరి చేసింది, లోపాలు గణనీయంగా తగ్గాయి. అక్కడా ఒక చీలిక మిగిలింది. మెక్సికోనుంచి వలసవచ్చిన కుటుంబాలు తినే మొక్కజొన్న పిండిలో కలపడానికి అనుమతి 2016 వరకు రాలేదు. గోధుమరొట్టె తినేవారి బిడ్డలకు దొరికిన రక్షణ మొక్కజొన్నరొట్టె తినే కూలీల బిడ్డలకు పద్ధెనిమిదేళ్ళు ఆలస్యమైంది.

మన దేశంలో రక్తక్షీణత నివారణ కార్యక్రమం 1970లోనే మొదలైంది. గర్భిణికి నూరురోజులు, 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న మాత్ర. ఉద్దేశం మంచిది. అయితే ఆ మాత్ర చేతికొచ్చేది పేరు నమోదయ్యాక. అప్పటికి పిండం మెదడు మూతపడే గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఇనుము సంగతీ అంతే. ఒక గర్భానికి మొత్తం సుమారు ఒక గ్రాము ఇనుము కావాలి. మామూలు రోజుల్లో తిండినుంచి శరీరం పీల్చుకునేది రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు. అందులో అధికభాగం ఆ రోజు నష్టానికే సరిపోతుంది. నిలవ ఉన్న శరీరం ఈ ఖర్చును తట్టుకుంటుంది. నిలవలేనిది అప్పుతో మొదలుపెడుతుంది. ప్రతి కాన్పూ ఆ అప్పును పెంచుతుంది. కౌలురైతు బతుకు తెలిసినవారికి ఈ లెక్క వివరించనక్కరలేదు.

కౌమార బాలికలకు వారానికొక మాత్ర ఇచ్చే పథకం 2013 ప్రాంతాలకు గాని రాలేదు. ఇరవై నుంచి నలభై తొమ్మిదేళ్ళ స్త్రీలందరినీ లెక్కలోకి తీసుకున్న రక్తహీనత నిర్మూలన కార్యక్రమం 2018లో వచ్చింది. 2015–16 సర్వేలో నూటికి 53 మంది స్త్రీలు రక్తహీనులైతే 2019–21 నాటికి 57 మంది అయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 59 మంది. కూనూరునుంచి తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయం 1958నుంచి హైదరాబాదులో ఉన్నది. ఏ గింజలో ఏం ఉన్నదో, ఏ శరీరానికి ఎంత కావాలో లెక్కగట్టి చెప్పగలిగిన సంస్థ మన మధ్యనే ఉన్నది. కాబట్టి మనకున్న లోటు జ్ఞానం లోటు కాదు.

డయాన్ కాఫీ అనే పరిశోధకురాలు 2015లో ప్రచురించిన లెక్క ఒకటి మనల్ని తల దించుకునేట్టు చేస్తుంది. గర్భం ధరించేనాటికి ఉండవలసిన బరువు లేనివారు ఆఫ్రికాలో సహారా దిగువ దేశాల్లో నూటికి 16 మందికి పైచిలుకు అయితే మన దేశంలో 42 మంది. ఆ దేశాలు మనకంటె సంపన్నమైనవి కావు. మరి తేడా ఎక్కడుంది? కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి ఇంట్లో ఉన్న స్థానంలో ఉంది. దేశపు పేదరికం మీద కుటుంబపు పెత్తనం ఎక్కి కూర్చున్నది. సరిగ్గా బిడ్డలను కనే వయస్సులోనే ఆమె అందరికంటె ఎక్కువ పనిచేసి, అందరికంటె చివర తింటుంది. వర్గం ఒక్కటే చూసి ఈ సంగతిని వదిలేస్తే మన విశ్లేషణ సగమే అవుతుంది. సమ్మెలో వెన్నుచూపని కార్మికుడు కూడా ఇంటికి వెళ్ళి ముందుగా తాను కంచం ముందు కూర్చుంటాడు.

ప్రభుత్వ సహాయాల తీరు చూడండి. 2013 ఆహారభద్రతా చట్టం ప్రతి గర్భిణికీ, బాలింతకూ ఆరువేల రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలన్నది. 2017లో వచ్చిన పథకం దాన్ని అయిదువేలు చేసి మొదటి బిడ్డకే పరిమితం చేసింది. తెలంగాణలో 2015లో ఆరోగ్యలక్ష్మి పేర గర్భిణులకూ బాలింతలకూ అంగన్‌వాడీలో పూటభోజనం, గుడ్డు, పాలు ఏర్పాటయ్యాయి. ఇది మెచ్చుకోదగ్గ పని. కాని ఆ తలుపు కూడా గర్భంతోనే తెరుచుకుంటుంది. కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల పత్తి విత్తనాల చేలల్లో పురుగుమందుల మధ్య పూలు దిద్దిన పదేళ్ళ పిల్లలకూ, నిజామాబాద్ ఇళ్ళలో పొగాకు దుమ్ములో కూర్చుని బీడీలు చుట్టిన పడుచులకూ ఆ తలుపు కనిపించదు. రేపటి తల్లులు వాళ్ళే. బాల్యంలో ఆకలివల్ల గిడసబారిన పిల్లకు కటి ఎముక ఇరుకవుతుంది. ఇరవయ్యో ఏట కాన్పు అడ్డం తిరిగితే డాక్టరు కారణాన్ని ఆ రోజున వెతుకుతాడు. కారణం పదిహేనేళ్ళ కిందటి ఖాళీ కంచంలో ఉంటుంది.

7

ఈలోగా శాస్త్రం పేరుతో పాత వ్యాపారం ఒకటి కొత్త అంగడి తెరిచింది. 2017లో ఒక సంస్థ, తల్లిదండ్రులు మూడునెలలు ‘శుద్ధి’ పొంది గ్రహబలం చూసుకుని కలిస్తే పొడవైన, తెల్లని, తెలివైన సంతానం కలుగుతుందని శిబిరాలు నడిపింది. ఆ వ్యవహారం కలకత్తా హైకోర్టు దాకా వెళ్ళింది. గర్భానికి ముందే సిద్ధపడాలన్న మాటను వీరూ వాడుకుంటున్నారు. శరీరం సిద్ధపడటమంటే వీరి దృష్టిలో జాతిని మేలుచెయ్యడం. జర్మనీలో 1930లలో ఇటువంటి మాటలు ఎక్కడికి దారితీశాయో చరిత్ర చదివినవారికి తెలుసు. తెల్లదనం కోసం శుద్ధి చేయించుకునే ఇంట్లో, ఆ ఇంటి పాచిపని చేసే స్త్రీ కంచంలో పప్పు ఉన్నదా అని ఎవరూ అడగరు.

మాత్రలు వద్దని మనం అనకూడదు. ఫోలిక్ ఆమ్లం మాత్ర పెళ్ళయిన ప్రతి స్త్రీకీ, గర్భం కోరుకునే ప్రతి స్త్రీకీ ముందుగానే అందాలి. అది సుబ్బారావు వంటివారి శ్రమఫలం, దాన్ని కాలదన్నడం అవివేకం. చౌకధరల దుకాణం బియ్యంలో ఇనుమూ ఫోలిక్ ఆమ్లమూ కలుపుతామని కేంద్రం 2021లో ప్రకటించినప్పుడు వాదోపవాదాలు జరిగాయి. బియ్యంలో మందు కలిపి పప్పు, నూనె, గుడ్డు, ఆకుకూర ఇవ్వవలసిన బాధ్యతనుంచి తప్పుకోవడం కుదరదని చెప్పినవారి మాటలో న్యాయమున్నది. లూసీ విల్స్ రోగులకు మార్మైట్ పనిచేసింది. నిజమే. కాని వారి జబ్బు మార్మైట్ లేకపోవడం వల్ల వచ్చింది కాదు.

అంచేత ఈ చరిత్రనుంచి మన ఉద్యమాలు గ్రహించవలసిన పాఠం ఒకటున్నది. స్త్రీ ఆరోగ్యాన్ని ప్రసూతి ఆరోగ్యంగా, ప్రసూతి ఆరోగ్యాన్ని తొమ్మిదినెలల వ్యవహారంగా కుదించే పద్ధతిని ఎదిరించాలి. బడిలో గుడ్డు, హాస్టలులో మంచి భోజనం, చేలో పనిచేసే పిల్లను తిరిగి బడికి పంపడం, స్త్రీకి సమానమైన కూలి, పద్ధెనిమిదికి ముందు పెళ్ళి జరగకుండా చూడటం, బిడ్డ ఎప్పుడు కావాలో ఆమే నిర్ణయించుకునే హక్కు. వీటిని మనం విడివిడి కోర్కెలుగా రాసుకుంటున్నాం. ఒక శరీరం తల్లి కావడానికి సిద్ధపడటమంటే ఇవన్నీ కలిసి జరగడమే. అసలు తల్లి కాదలచుకోని స్త్రీకి కూడా ఇవన్నీ అంతే హక్కు. ఆమె కంచం ఆమె కడుపున పడబోయే బిడ్డ కోసమే నిండాలనే వాదంలో కూడా క్షేత్రమన్న పాత ఉపమానమే దాగి ఉన్నది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట చెప్పి ముగిస్తాను. మీ తరగతిలో మధ్యాహ్నం పాఠానికి కళ్ళు మూతలుపడే పదమూడేళ్ళ పిల్లను శ్రద్ధలేనిదని మందలించే ముందు ఆమె కింది రెప్ప దించి చూడండి. అది తెల్లగా పాలిపోయి ఉంటే, 1928 నాటి బొంబాయి మిల్లు ఇంకా మూతపడలేదన్నమాట.